అటక మీద తాటాకుల కట్ట దొరికితే ఏం చేయాలి, ఏం చేయకూడదు

పాత ఇల్లు పడగొట్టే ముందు అటక ఖాళీ చేస్తారు. ఎక్కువగా అప్పుడే బయటపడుతుంది, ఎర్రగుడ్డలో చుట్టి తాడుతో కట్టిన మూరెడు పొడవు కట్ట. పైన ఒక చెక్క, కింద ఒక చెక్క, మధ్యలో గోధుమ రంగు తాటాకులు. "తాతగారివి, తాళపత్రాలు" అంటారు ఎవరో. ఈలోగా ఇంకొకరు దుమ్ము దులపడానికి తడిగుడ్డ తెస్తారు. ఆ తడిగుడ్డ కట్టకి తగలకముందే మీరు ఇది చదివితే బాగుండు.

ముందే చెప్పేస్తాను, నేను ల్యాబులో పనిచేసే నిపుణుణ్ని కాదు. మా ఇంట్లో దొరికిన మూడు కట్టలతో ఈ పిచ్చి పట్టింది. తర్వాత బంధువుల ఇళ్లకీ తెలిసినవాళ్ల ఇళ్లకీ వెళ్లి చూడటం అలవాటైంది. మొదటి కట్టని నా చేతులతో నేనే సగం పాడుచేశాను. ఆ కథ నూనె దగ్గరకి వచ్చినప్పుడు చెప్తాను.

పాత లేఖకులు గ్రంథం రాయడం పూర్తయ్యాక చివర్లో ఒక శ్లోకం చేర్చేవారు. దేశమంతటా చాలా రాతప్రతుల్లో కనిపిస్తుంది:

తైలాద్రక్షేత్ జలాద్రక్షేత్ రక్షేత్ శిథిలబంధనాత్
మూర్ఖహస్తే న దాతవ్యం ఏవం వదతి పుస్తకమ్

నూనె నుంచి కాపాడు, నీళ్ల నుంచి కాపాడు, వదులు కట్టు నుంచి కాపాడు, తెలివితక్కువవాడి చేతికి ఇవ్వకు అని పుస్తకమే మనతో చెబుతోందట. ఆకులు ఎలా పాడవుతాయో రోజూ కళ్లారా చూసినవాళ్ల మాట ఇది. కింద నేను చెప్పేదాంట్లో చాలా భాగం ఈ నాలుగు ముక్కలకే వివరణ.

మొదటి రోజు: విప్పకండి

కట్ట దొరగ్గానే అందరికీ లోపల ఏముందో చూడాలని ఉంటుంది. ఆగండి. ఏళ్ల తరబడి అటక మీద ఎండిన ఆకు అప్పడంలా ఉంటుంది. తాడు లాగితే, తాడు దూర్చడానికి ఆకులో చేసిన కన్నం దగ్గర పుటుక్కున విరుగుతుంది. పైగా లోపల బతికున్న పురుగు ఉంటే అది మీ బీరువాలోకీ పుస్తకాల్లోకీ చేరుతుంది.

చేతులు సబ్బుతో కడుక్కుని పూర్తిగా ఆరనివ్వండి. క్రీములు రాసుకోవద్దు. ఉంగరం, గాజులు, వాచీ తీసేయండి. తెల్లటి నూలు గ్లోవ్స్ వేసుకోవాలని చాలామంది అనుకుంటారు, సినిమాల్లో అలాగే చూపిస్తారు మరి. నాకు నచ్చదు. ఆకు అంచున లేచిన పీచు ఆ గుడ్డకి చిక్కుకుని ఊడి వస్తుంది, వేళ్లకి స్పర్శ కూడా తెలియదు. శుభ్రమైన పొడి చేతులు చాలు. ముక్కుకి మాత్రం ఎన్‌95 మాస్కు తప్పనిసరి. బూజు ఒక కారణం. రెండోది, ఒకప్పుడు పాత పుస్తకాల మీద డీడీటీ, గమాక్సిన్ అనే పురుగుమందు పొడులు చల్లేవారు. తెల్లటి పొడి కనిపిస్తే అది ఏమిటో మీకు తెలియదు కాబట్టి ఊదకండి, వాసన చూడకండి.

కట్టని రెండు చేతులతో అడుగు నుంచి ఎత్తి, తెల్ల కాగితం పరిచిన బల్ల మీద పెట్టండి. ఉన్నది ఉన్నట్టు నాలుగు వైపులా ఫొటోలు తీయండి. గుడ్డ ఎలా చుట్టారు, ముడి ఎక్కడుంది, చెక్కల మీద రాత ఏమైనా ఉందా, అన్నీ రావాలి. ఎక్కడ దొరికింది, ఎవరి ఇల్లు, ఏ తేదీ, ఇంట్లో పెద్దవాళ్లు దాని గురించి ఏం చెప్పారు అన్నది అప్పుడే ఒక కాగితం మీద రాసేయండి. మా పెద్దమ్మ ఒక కట్ట చూసి "ఇది మా మామగారు వైద్యం చేసేటప్పుడు చూసుకునేది" అంది. ఆవిడ పోయాక ఆ మాట చెప్పడానికి ఇంకెవరూ మిగల్లేదు.

ఆ తర్వాత కొత్త తెల్ల కాగితం మీద కట్టని ఉంచి, మొత్తాన్నీ పాలిథిన్ సంచిలో పెట్టి మూతి కట్టి, రెండు వారాలు వదిలేయండి. గది చల్లగా, పొడిగా ఉండాలి. రెండు వారాల తర్వాత కాగితం మీద సన్నటి కొత్త పొడి కనిపిస్తే లోపల పురుగు తింటోందన్నమాట. ఏమీ రాలకపోతే ఉన్న కన్నాలన్నీ పాతవే అనుకోవచ్చు. సంచి లోపలి వైపు చెమ్మ పట్టినట్టు కనిపిస్తే మాత్రం రెండు వారాలు ఆగొద్దు. వెంటనే బయటికి తీసి, నీడలో గాలి ఆడేచోట పెట్టండి.

పురుగు ఉంటే

మందు కొట్టొద్దు. బొద్దింకల స్ప్రే, చెదల మందు, కలరా ఉండలు, ఏదీ వద్దు. స్ప్రేలోని ద్రవం అక్షరాల్లో నింపిన మసిని కదిలిస్తుంది, మరక మిగులుస్తుంది. కలరా ఉండల ఆవిరి పీల్చేవాళ్లకి మంచిది కాదు. అవి పెట్టిన పెట్టె తెరిస్తే పదినిమిషాల్లో తలనొప్పి వస్తుంది. పైగా ఆకు లోపల దాక్కున్న పిల్లపురుగు వాటికి చావదు.

ఇంట్లో చేయగలిగేది ఒకటే, గడ్డకట్టించడం. కట్టని మెత్తని నూలుగుడ్డలో చుట్టి, మందపాటి జిప్ కవర్లో పెట్టి, గాలి వీలైనంత బయటికి నొక్కి, మూతి మీద టేపు వేయండి. దాన్ని ఇంకో కవర్లో పెట్టి మళ్లీ టేపు వేయండి. డీప్ ఫ్రీజర్లో మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచండి. ఫ్రిజ్ పై అరలో ఐస్ క్యూబులు చేసుకునే చోటు ఎక్కువసార్లు అంత చల్లబడదు, థర్మామీటరు పెట్టి చూసుకోండి. బయటికి తీశాక 24 గంటల వరకు కవరు తెరవకూడదు. చల్లటి కవరు మీద నీటి చుక్కలు పడతాయి, అవి బయటే ఉండాలి, ఆకు మీద పడకూడదు. చేపలూ ఐస్‌క్రీమూ ఉండే ఫ్రీజర్లో తాతగారి గ్రంథం పెడతానంటే ఇంట్లో గొడవ తప్పదు. మా ఇంట్లోనూ అయింది.

చెక్కల మీద రంగులు వేసి ఉన్నా, లక్కపూత ఉన్నా, ఆకుల మీద బొమ్మలు రంగుల్లో ఉన్నా ఈ పని చేయకండి. చలికి పూత పెచ్చులుగా లేచిపోవచ్చు. అలాంటివి నేరుగా నిపుణుల దగ్గరకి వెళ్లాలి.

చెదలైతే సమస్య కట్టలో కాదు, గోడలో ఉంటుంది. కట్టని వెంటనే ఇంకో గదికి మార్చి ముందు ఇంటి సంగతి చూడండి.

విప్పడానికి కాలం చూసుకోండి

ఈ మాట ఏ చేతిపుస్తకంలోనూ చదివినది కాదు, నా అనుభవం. రోహిణి కార్తె ఎండల్లో కట్ట విప్పొద్దు, ఆకు ఏడాదంతటిలో అప్పుడే ఎక్కువ పెళుసుగా ఉంటుంది. ముసురు పట్టిన రోజుల్లోనూ వద్దు, అప్పుడు బూజు పట్టే చెమ్మ ఉంటుంది. వానలు తగ్గి, ఇంకా గాలి మరీ పొడిబారని దసరా రోజులు నాకు బాగా కలిసొచ్చాయి. నవరాత్రుల్లో మూలా నక్షత్రం నాడు పుస్తకాలన్నీ దించి, దులిపి, సరస్వతీ పూజలో పెట్టే ఆచారం ఉంది కదా. ఏడాదికోసారి ప్రతి గ్రంథం మీదా ఒకరి చెయ్యి, ఒకరి చూపు పడేది. అప్పుడు పసుపూ కుంకుమా ఆకుల మీద చల్లకుండా ఉంటే ఇంకా బాగుండేది. ఆ మరకలు పోవు.

వంటింటి అటక మీద పెట్టేవారని మా పెద్దవాళ్లు చెప్పేవారు. కట్టెల పొయ్యి పొగకి పురుగు దగ్గరికి రాదని. గ్యాస్ స్టవ్ వచ్చాక ఆ పొగ పోయింది, కట్ట మాత్రం అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు దొరికే కట్టల మీద కనిపించే జిడ్డుమసి ఆ పొగదే కావచ్చు.

విప్పడం, లెక్కపెట్టడం

తాడు పాతదై గట్టిపడి ఉంటే కత్తెరతో కత్తిరించండి. లాగొద్దు. తాడు పడేయకుండా చిన్న కవర్లో పెట్టి కట్టతోపాటే ఉంచండి. ఇప్పుడు పై చెక్క తీసి, ఒక్కొక్క ఆకునీ రెండు చేతులతో ఎత్తి పక్కన బోర్లించుకుంటూ వెళ్లండి. క్రమం తప్పకుండా ఉండాలంటే ఇదే దారి. ఆకుల క్రమం ముందే తారుమారై ఉండొచ్చు. అయినా మీకు దొరికిన క్రమం ఏదో అదే ముందు రికార్డు చేయాలి. సరిచేయడం తర్వాతి మాట. ఎడమ అంచున తెలుగు అంకెల్లో ఆకు సంఖ్య ఉంటుంది, ౧, ౨, ౩ ఇలా. పెన్నుతో మీ నంబరు వేయకండి. చిన్న కాగితపు చీటీ మీద రాసి ఆకు పక్కన పెట్టి ఫొటో తీస్తే చాలు.

ఆకు ఏ రకమో చూడండి. మన దగ్గర రెండు కనిపిస్తాయి. మామూలు తాటాకు మందంగా, బిరుసుగా, వెడల్పు తక్కువగా ఉంటుంది. శ్రీతాళం పల్చగా, మెత్తగా, కాస్త వెడల్పుగా ఉండి వంగుతుంది. తాటాకు త్వరగా పెళుసెక్కుతుంది కాబట్టి దాని దగ్గర ఇంకా నెమ్మదిగా ఉండాలి. రెండింటిలోనూ పీచు పొడవునా నడుస్తుంది, అందుకే చీలిక కూడా పొడవునే వస్తుంది.

ఆకులు ఒకదానికొకటి అతుక్కుని ఉంటే? సన్నటి నున్నటి వెదురు పుల్ల అంచు నుంచి జాగ్రత్తగా దూర్చి చూడండి. దానంతట అది విడిపోతే సరే. కొంచెం పట్టు తగిలినా ఆపేయండి. బలవంతంగా తీస్తే పై పొర అక్షరాలతో సహా పక్క ఆకుకి అంటుకుని వచ్చేస్తుంది. ఆవిరి పట్టి వదులు చేసే పద్ధతులు ల్యాబుల్లో ఉన్నాయి, ప్రెషర్ కుక్కరు ఆవిరి అందుకు పనికిరాదు. నవ్వొద్దు, ఒక ఇంట్లో నిజంగానే చేశారు.

దుమ్ము దులపడం

ఇక్కడికొచ్చేసరికి చేతులు దురద పెడతాయి. ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. గది చీకటి చేసి, టార్చి లైటుని ఆకుకి పక్క నుంచి, దాదాపు బల్ల మట్టానికి పెట్టి వెలిగించండి. అక్షరాలు గీతలుగా, గాడులుగా కనిపిస్తే అది గంటంతో, అంటే మొనదేలిన ఇనుప రాతపుల్లతో చెక్కిన రాత. గంటంతో గీసి, మసీ ఆకుపసరూ కలిపి రుద్ది, పైది తుడిచేసేవారు. గాట్లో మిగిలిన నలుపే అక్షరం. గాడి లేకుండా నల్లటి రాత మాత్రమే ఉంటే అది కలంతో సిరా పెట్టి రాసినది. సిరా రాతకీ, రంగు బొమ్మలకీ ఏ ద్రవమూ తగలకూడదు. నీళ్లు, స్పిరిట్, నూనె ఏవీ వద్దు.

మెత్తటి పెద్ద బ్రష్ తీసుకోండి, నీటిరంగుల చిత్రకారులు వాడే రకం. ఆకు మధ్య నుంచి చివరివైపు, పీచు వెంట పొడవునా తేలిగ్గా దులపండి. అడ్డంగా దులిపితే లేచిన పీచు విరుగుతుంది. కన్నం చుట్టూ, చిల్లుల చుట్టూ చిన్న బ్రష్‌తో చేయండి. పురుగు రెట్ట గట్టిగా పట్టి ఉంటే వెదురు పుల్ల మొనతో ఒక్కో చుక్కా మెల్లగా లేపండి. రానిదాన్ని వదిలేయండి. దాంతో ఆకు పాడైపోదు. ప్రతి పది ఆకులకీ కింద కాగితం మార్చండి.

గంటంతో చెక్కిన రాత మీద జిడ్డు మరీ ఎక్కువగా ఉంటే ల్యాబుల్లో స్పిరిటూ నీళ్లూ సమంగా కలిపి దూదితో తుడుస్తారు. మొదటిసారి చేసేవాళ్లకి నేను ఇది చెప్పను. దూది నల్లబడుతుంటే మురికి వస్తోందో మసి వస్తోందో తేడా తెలుసుకోవడానికి కొంత అనుభవం కావాలి.

బూజు కనిపిస్తే ఇంట్లో దులపకండి. ఆ కట్టని వేరుచేసి, నీడలో గాలికి ఆరనిచ్చి, బూజు పొడిగా అయ్యాక ఆరుబయట, మాస్కు వేసుకుని, గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడి దులపండి. ఎండలో మాత్రం పెట్టొద్దు. ఎండకి ఆకు మెలికపడి, మళ్లీ సాపు కాదు.

నూనె సంగతి

నా మొదటి కట్ట కథ ఇదే. తాళపత్రాలకి నూనె పట్టిస్తారని ఎక్కడో విన్నాను. ఏ నూనె అన్నది వినలేదు. కొబ్బరినూనె తెచ్చి, దూదితో ఇరవై ఆకులకి రెండు వైపులా పట్టించాను. రెండు రోజులు బ్రహ్మాండంగా మెరిశాయి. నెల తిరిగేసరికి జిగురు, జిగురుకి దుమ్ము, దుమ్ము వెనక పురుగులు. ఆ ఇరవై ఆకులు ఇప్పటికీ మిగతా వాటికంటే నల్లగా, కంపు కొడుతూ ఉన్నాయి. శ్లోకంలో మొదటి మాటే తైలాద్రక్షేత్. అది చదివే నాటికే ఆలస్యమైంది.

మరి ల్యాబుల్లో నూనె వాడతారు కదా అంటే, వాడతారు. అది సిట్రొనెల్లా అనే గడ్డి నుంచి తీసిన నూనె, లేదా నిమ్మగడ్డి నూనె. ఇవి వంటనూనెల్లాంటివి కావు. గాలికి ఆవిరైపోతాయి, పోతూపోతూ ఆకుకి కాస్త మెత్తదనం ఇస్తాయి. ఆ వాసన కొన్నాళ్లపాటు పురుగుని దూరంగా ఉంచుతుంది. వాడాలనుకుంటే కల్తీ లేనిది తీసుకోండి, దోమల కోసం అమ్మే మిశ్రమాలు వద్దు. గంటంతో చెక్కిన ఆకులకే, అదీ దుమ్ము పూర్తిగా పోయాకే పట్టించాలి. దూది ఉండ మీద రెండు మూడు చుక్కలు వేసి, ఆ దూదిని కాగితం మీద అద్దండి. కాగితం మీద మరక పడకుండా, పొడిగా అనిపించేంత వరకు అద్దాలి. అప్పుడు ఆకు పొడవునా ఒక్కసారి, ఒకే దిశలో పోనివ్వండి. ముందు ఒక్క ఆకు చివర్లో ఒక్క అక్షరం మీద చేసి చూడండి. మసి కదిలితే అక్కడితో ఆపేయండి. పట్టించిన ఆకుల్ని నీడలో విడివిడిగా కొన్ని గంటలు ఆరనిచ్చాకే పేర్చాలి. ఏటా పట్టించే పని కాదిది. ఆకు వంచకుండానే విరిగేలా ఉందని అనిపించినప్పుడే.

మసి పోయి అక్షరాలు కనిపించకపోతే మళ్లీ మసి రుద్దుదామనే ఆలోచన వస్తుంది. పాతకాలంలో ఇదీ చేసేవారు. కానీ ముందు పక్క నుంచి లైటు వేసి ఫొటో తీసి చూడండి. నలుపు లేకపోయినా గాడి నీడలో అక్షరం చక్కగా చదవొచ్చు. నేను చూసినంతవరకు పదింటిలో తొమ్మిదిసార్లు మసి అవసరమే రాలేదు.

ఫొటోలు

స్కానర్ వద్దు. మూత నొక్కుడుకి ఆకు పగులుతుంది. ఫోను చాలు, కానీ చేత్తో పట్టుకుని తీయకండి. రెండు పుస్తకాల దొంతరల మీద గాజుపలక పెట్టి దాని మీద కెమెరా కిందికి చూసేలా ఫోన్ పెట్టినా స్టాండే. కింద బూడిదరంగు గుడ్డ, కిటికీ పక్క వెలుగు, నేరుగా ఎండ పడకూడదు. పక్కన స్కేలు పెట్టండి. 40 సెంటీమీటర్ల ఆకుని ఒకే ఫొటోలో తీస్తే అక్షరాలు చిన్నవై చదవలేం. ఎడమ, మధ్య, కుడి అని మూడు ఫొటోలు, ఒకదాని అంచు ఇంకోదాంట్లో కొంత కలిసేలా తీయండి. రెండు వైపులా తీయాలి. ఖాళీగా ఉన్న వైపు కూడా. ఖాళీ అనుకున్నచోట ఎవరో అప్పుల లెక్క రాసి ఉంటారు.

ఫైలు పేర్లు మొదట్లోనే పద్ధతిగా పెట్టుకోండి. కట్ట 1, ఆకు 12, ముందు, ఎడమ. ఇలా ఒకే వరస. రెండు వేర్వేరు చోట్ల దాచండి. వాట్సాప్‌లో బంధువులకి పంపిన ఫొటోనే దాచుకున్న కాపీ అనుకోవద్దు, అందులో ఫొటో నాణ్యత తగ్గిపోతుంది.

చదవడం వేరే విద్య. పదాల మధ్య ఖాళీ ఉండదు. ఎ, ఏలకీ ఒ, ఓలకీ పాత రాతలో తేడా చూపించరు. వలపలగిలక అని ఒకటుంది. తెలుగు తొమ్మిది అంకెలా (౯) కనిపిస్తుంది, అక్షరానికి కుడిపక్కన పడుతుంది, దాన్ని ఆ అక్షరానికి ముందు రకారపు పొల్లుగా (ర్) చదువుకోవాలి. అది తెలియక నేను ఒక వైద్యగ్రంథంలో తొమ్మిది తులాల మందు ఉందనుకున్నాను. మొదటి ఆకూ చివరి ఆకూ ముందు చదవండి, గ్రంథం పేరు, రాసినవారి పేరు అక్కడే ఉంటాయి. సంవత్సరం పేరు ఒక్కటే ఇస్తే తొందరపడొద్దు. ఆంగీరస అంటే 1932 కావచ్చు, 1872 కావచ్చు, 1812 కూడా కావచ్చు. శకసంవత్సరం పక్కన ఉంటేనే తేలుతుంది.

విరిగిన ముక్కలు

సెల్లోటేపు వేయొద్దు, ఫెవికాల్ వద్దు, లామినేషన్ అసలే వద్దు. టేపు జిగురు ఏళ్లకి పసుపెక్కి ఆకులోకి ఇంకుతుంది. తీయబోతే పొర లేచి వస్తుంది. నిపుణులు సన్నటి జపాన్ టిష్యూ కాగితం, గోధుమపిండి జిగురు లాంటివి వాడతారు, లేదంటే అదే రకం తాటాకు ముక్కని అమర్చి నింపుతారు. మీరు చేయాల్సింది అతికించడం కాదు, పోకుండా చూసుకోవడం. ప్రతి ముక్కనీ ఆమ్లం లేని (యాసిడ్-ఫ్రీ) కాగితాన్ని మడిచి అందులో పెట్టి, ఏ ఆకుదో కాగితం మీద పెన్సిల్‌తో రాసి, ఆ ఆకు పక్కనే ఉంచండి. ఎక్కడిదో తెలియని పొడిముక్కల్ని కూడా ఒక కవర్లో దాచండి.

మళ్లీ కట్టడం

శిథిలబంధనం అంటే వదులు కట్టు. వదులుగా ఉంటే ఆకులు ఒకదానిమీద ఒకటి జారి అంచులు అరుగుతాయి, మధ్యలోకి దుమ్మూ పురుగూ దూరతాయి. మరీ బిగిస్తే తాడు కన్నాన్ని కోస్తుంది. చెక్కలు కదలకుండా, వేలు మాత్రం తాడు కిందికి దూరేలా ఉంటే సరిపోతుంది. కన్నంలోంచి పోయే తాడు మెత్తని నూలుది, కన్నం కంటే బాగా సన్నగా ఉండాలి. ఆకులు తిప్పి చదవడానికి వీలుగా పొడవు ఉంచుకోండి. పెళుసు ఆకులైతే కన్నంలో తాడే పెట్టకుండా, చెక్కల మధ్య పేర్చి పైనుంచి గుడ్డనాడాతో కట్టడం మేలు.

చెక్కలు పాతవే బాగుంటే అవే ఉంచండి. కొత్తవి చేయించాలంటే బాగా ఆరిన టేకు, నాలుగు వైపులా ఆకు కంటే కొద్దిగా పెద్దగా, అంచులు నునుపుగా ఉండాలి. ప్లైవుడ్ వద్దు, దాని జిగురు ఆవిరి ఆకుకి పడదు. చుట్టే గుడ్డ గంజి లేని నూలుగుడ్డ. కొత్తదైతే రెండు మూడుసార్లు ఉతికి గంజి పూర్తిగా పోగొట్టండి, పురుగుకి గంజి అంటే మహా ఇష్టం. ఎరుపు రంగుకి పురుగు రాదంటారు, ఆ సంగతేమోగాని రంగు దిగే ఎరుపైతే చెమ్మ తగిలిననాడు ఆకులన్నీ ఎర్రబడతాయి. తడి తెల్లగుడ్డతో రుద్ది చూసి, రంగు అంటకపోతేనే వాడండి.

వస కొమ్ము, నల్లజీలకర్ర, లవంగం, మిరియం, దాల్చినచెక్క పొడులు కొద్దిగా కర్పూరంతో కలిపి చిన్న గుడ్డమూటలో పెట్టడం తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయం పాటించిన పద్ధతి. ఇది ఇంట్లో హాయిగా చేసుకోవచ్చు. మూట ఆకులకి తగలకుండా పెట్టె మూలన ఉండాలి, వాసన తగ్గగానే మార్చాలి. మూట కట్టాను కదా అని పెట్టె తెరవడం మానేస్తే మాత్రం లాభం లేదు.

ఎక్కడ పెట్టాలి

పూజగది వద్దు. దీపం పొగ, కర్పూరం పొగ, నీళ్లు చిలకరించడం అన్నీ అక్కడే. బయటిగోడకి ఆనించిన బీరువా, బాత్రూము పక్క గోడ, స్లాబు కింది అటక కూడా వద్దు. ఇంటి లోపలి గదిలో, గోడకీ నేలకీ జానెడు ఎడంగా పెట్టండి. ఆమ్లం లేని అట్టపెట్టె దొరికితే మంచిది. లేకపోతే తుప్పులేని ట్రంకుపెట్టె లోపల నూలుగుడ్డ పరిచి వాడండి.

కొన్ని వందల రూపాయలకి చిన్న తేమ మీటరు వస్తుంది, కొని పెట్టెలో ఉంచండి. గాలిలో తేమ 50 నుంచి 60 శాతం మధ్య ఉంటే ఆకు సుఖంగా ఉంటుంది. 65 దాటి అక్కడే నిలిచిపోతే బూజుకి దారి ఇచ్చినట్టే. కాకినాడ, మచిలీపట్నం వైపు వానాకాలంలో ఇది మామూలే. అప్పుడు సిలికాజెల్ సంచులు పెట్టండి. రంగు మారగానే వేడిచేసి ఆరబెట్టి మళ్లీ వాడొచ్చు. నీలం రంగు దాంట్లో కోబాల్టు ఉంటుంది, నారింజ రకం తీసుకోండి. అనంతపురం, మహబూబ్‌నగర్ వైపు వేసవిలో సమస్య తిరగబడుతుంది. మీటరు 40 కిందికి వస్తుంటే సిలికాజెల్ తీసేయండి.

వరద నీళ్లలో తడిస్తే కంగారు పడొద్దు. కాగితం కంటే తాటాకు నీటికి కాస్త ఓర్చుకుంటుంది. గంటం రాత అంత తొందరగా పోదు. బురద ఉంటే పళ్లెంలో శుభ్రమైన నీళ్లు పోసి, రుద్దకుండా, ఆకుని అలా తేలించి తీయండి. ఆకుల మధ్య అద్దుడు కాగితాలు పెట్టి, నీడలో ఫ్యాను గాలి నేరుగా తగలకుండా ఆరబెట్టండి, తడిసిన కాగితాలు మారుస్తూ ఉండండి. రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది. అంత సమయం లేకపోతే కవర్లో పెట్టి ఫ్రీజర్లో దాచి, తర్వాత తీరిగ్గా చూడొచ్చు.

ఇవ్వాలనుకుంటే

అందరికీ ఇంట్లో దాచుకునే ఓపిక ఉండదు, అందులో తప్పు లేదు. పుష్కరాల్లో గోదావరిలో కలిపేయడం కంటే గ్రంథాలయానికి ఇవ్వడం వెయ్యిరెట్లు నయం. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రాచ్య పరిశోధన సంస్థ ఉంది. హైదరాబాద్‌లో ఉస్మానియా ప్రాంగణం వైపు ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉంది. చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి మెకంజీ కోసం ఆయన సహాయకులు కావలి సోదరులు ఊరూరా తిరిగి సేకరించినవీ, నిఘంటువు రాసిన సి.పి. బ్రౌన్ సేకరించినవీ తెలుగు రాతప్రతులు ఎన్నో ఉన్నాయి. కేంద్రం 2003లో జాతీయ రాతప్రతుల మిషన్ మొదలుపెట్టింది. 2025-26 బడ్జెట్‌లో జ్ఞాన భారతం మిషన్ ప్రకటించింది. కోటికి పైగా రాతప్రతుల్ని నమోదు చేసి కాపాడటం దాని లక్ష్యం, ఇళ్లల్లో ఉన్న ప్రైవేటు సేకరణలు కూడా అందులోకి వస్తాయి.

కట్ట ఇచ్చేయాలా, ఫొటోలు తీయించుకుని వెనక్కి తెచ్చుకోవాలా అన్నది ముందే తేల్చుకోండి. రెండోదైతే ఆకుల సంఖ్య, కొలతలు, మొదటి చివరి ఆకుల ఫొటోలు ఉన్న కాగితం మీద సంతకం చేయించుకున్నాకే చేతిలో పెట్టండి. మా చుట్టాల్లో ఒకరు "స్కాన్ చేసి వారంలో ఇస్తాం" అన్నవాళ్లకి నోటిమాట మీద రెండు కట్టలు ఇచ్చారు. నాలుగేళ్లయింది. శ్లోకంలో నాలుగో మాట నాకు అప్పుడు గుర్తొచ్చింది.

విదేశాల్లో ఉన్న పిల్లలు గుర్తుగా ఒక కట్ట తీసుకెళ్తామని అడుగుతారు. వద్దని గట్టిగా చెప్పండి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక, సాహిత్య, శాస్త్రీయ విలువ ఉన్న రాతప్రతి 75 ఏళ్లు దాటితే పురావస్తువే. దాన్ని దేశం దాటించడం ప్రైవేటు వ్యక్తులకి నిషేధం. ఎయిర్‌పోర్టులో సూట్‌కేసు తెరిచాక "మా తాతగారిది" అంటే వినరు. ఫొటోలు పంపండి.

ఇక పెట్టె మూత లోపలివైపు ఒక కాగితం అంటించండి. కట్ట పేరు, ఆకుల లెక్క, విప్పిన తేదీ, ఏం పట్టించారు, సిలికాజెల్ ఎప్పుడు మార్చారు. కింద నాలుగైదు ఖాళీ గడులు వదలండి, వచ్చే దసరాకి మళ్లీ రాయాలి. మా పెట్టె మీది కాగితంలో మొదటి గడిలో "కొబ్బరినూనె, 20 ఆకులు" అని ఉంది. కొట్టేయలేదు.